పుట్టిన చోటు జాతి అవుతుందా: ఒక గ్రీన్ కార్డ్ దావా కేస్ స్టడీ

ఈ కేసు గురించి రాయడానికి ఆ కుటుంబం ఒప్పుకుంది. పేర్లు, కంపెనీలు, కోర్టు పేరు రాయకూడదన్నది వాళ్ల షరతు. గుర్తుపట్టే వివరాలు కొన్ని తీసేశాను, కొన్ని మార్చాను. చట్టం గురించి, పాత తీర్పుల గురించి చెప్పినవి మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాశాను.

ముందు నా పనేంటో చెప్పాలి, లేకపోతే ఎవరు ఏ నిర్ణయం తీసుకున్నారో అర్థం కాదు. నేను హైదరాబాద్‌లో అడ్వకేట్‌ని. అమెరికా కోర్టులో నిలబడే లైసెన్స్ నాకు లేదు, నిలబడేది అక్కడి అటార్నీ. ఇక్కడున్న తల్లిదండ్రులతో, అత్తమామలతో మాట్లాడి కాగితాలు సేకరించడం, అఫిడవిట్లు తయారు చేయడం, అటార్నీ రాసిన మెమోని ఇంట్లో అందరికీ అర్థమయ్యే తెలుగులో చెప్పి వాళ్లు ఆలోచించుకుని నిర్ణయం తీసుకునేలా చూడటం నా బాధ్యత. డబ్బు చాలాసార్లు ఇక్కడి పెద్దవాళ్ల రిటైర్మెంట్ సొమ్ములోంచే వస్తుంది కాబట్టి ఈ చివరి పనిని నేను చాలా సీరియస్‌గా తీసుకుంటాను.

నేపథ్యం

2023 మొదట్లో దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఒక పెద్దాయన మా హిమాయత్‌నగర్ ఆఫీసుకి వచ్చారు. రిటైరైన ప్రభుత్వ ఉద్యోగి. చేతిలో లావుపాటి ఫైలు, నిండా పేపర్ కటింగులు, ప్రతిదాని మీదా తేదీ వేసి ఎర్ర ఇంకుతో గీతలు. కొడుకు 2009లో హెచ్-1బి మీద వెళ్లాడు, భార్యనీ మూడేళ్ల పాపనీ తీసుకెళ్లాడు. ఉద్యోగాల గ్రీన్ కార్డుల్లో పై చదువులున్నవాళ్లకి ఇచ్చే ఈబీ-2 కేటగిరీలో ప్రయారిటీ డేట్ 2014. అంటే వరుసలో నిలబడింది 2014లో, ఆయన నా దగ్గరికి వచ్చేసరికి తొమ్మిదేళ్లు దాటుతోంది, వరుస కదలడం లేదు. పాపకి అప్పటికి పదహారు నిండాయి. అక్కడే పుట్టిన తమ్ముడు అమెరికా పౌరుడు, అక్క మాత్రం తండ్రి వీసాని పట్టుకుని ఉన్న డిపెండెంట్. ఇరవై ఒకటి నిండితే తండ్రి ఫైల్లోంచి బయటికి వచ్చేస్తుంది. ఆ ఇంట్లో అందరూ లెక్కపెట్టుకుంటున్నది ఆ పుట్టినరోజునే.

ఈ లైను ఎందుకింత పొడవో తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. ఉద్యోగ కేటగిరీల గ్రీన్ కార్డులు ఏడాదికి సుమారు 1,40,000. అందులో ఈబీ-2 వాటా 28.6 శాతం, అంటే దాదాపు 40,000. ఏ ఒక్క దేశంలో పుట్టినవాళ్లకైనా 7 శాతం మించకూడదని పరిమితి. ఆ లెక్కన ఈబీ-2లో మన దేశానికి దక్కేవి 2,800 చిల్లర. అవైనా ఉద్యోగులకే కాదు, భార్యాబిడ్డల్నీ అందులోంచే లెక్కేస్తారు. వేరే కేటగిరీల్లో మిగిలినవి కొన్నిసార్లు ఇటు వస్తాయి, కానీ వాటిని నమ్ముకుని ఎవరూ జీవితం ప్లాన్ చేసుకోలేరు. జనాభాతో పనిలేకుండా ఐస్‌లాండ్‌కీ 7 శాతమే, ఇండియాకీ 7 శాతమే.

ఆయన కోరిక

"తెల్లవాడైతే ఇన్నేళ్లు ఇలా నిలబెడతారా అమ్మా?" అని అడిగారు. కొడుకు ఒక వాట్సాప్ గ్రూపులో ఉన్నాడు, పదకొండు కుటుంబాలు, ఎక్కువమంది మన తెలుగువాళ్లే. అందరూ కలిసి ఫెడరల్ కోర్టులో జాతి వివక్ష దావా వేద్దామనుకుంటున్నారు, ఇక్కడి కాగితాల పని నేను చూడాలి, అక్కడి అటార్నీతో మాట్లాడాలి. ఇదీ ఆయన అడిగింది.

ఆయన ప్రశ్నని తేలిగ్గా కొట్టేయడానికి నాకు మనసు రాలేదు, ఎందుకంటే చరిత్ర ఆయన వైపే ఉంది. 1882లో చైనా కూలీల్ని రానివ్వకుండా అమెరికా చట్టం చేసింది. 1917లో ఆసియాలో పెద్ద భాగానికి గీత గీసి అక్కడివాళ్లు రాకూడదంది, అందులో మనమూ ఉన్నాం. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో సుప్రీంకోర్టు భారతీయులు చట్టం దృష్టిలో తెల్లవాళ్లు కారు కాబట్టి పౌరసత్వానికి అర్హులు కారంది. ఆ థింద్ మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన మనిషి. 1946లో చట్టం మారి భారతీయులకి పౌరసత్వం దారి తెరిచింది, ఏడాదికి వచ్చేవాళ్ల కోటా మాత్రం వంద. వంద మంది! 1965లో గానీ ఆ పాత జాతీయ కోటాల పద్ధతి పోలేదు. కాబట్టి రంగు ఇందులో ఎప్పుడూ లేదని ఎవరైనా అంటే అది అబద్ధం.

కానీ కోర్టు వేసే ప్రశ్న వేరు. ఈ నిర్ణయం ఎవరు తీసుకున్నారు? ఏ ఉద్దేశంతో? ఎవరితో పోలిస్తే మీకు అన్యాయం జరిగింది? ఈ మూడింటికీ జవాబు ఉంటేనే జాతి వివక్ష అన్న మాట నిలబడుతుంది.

ఎక్కడ నిలబడింది, ఎక్కడ పడిపోయింది

అటార్నీ, నేను కలిసి పాత తీర్పులన్నీ మళ్లీ చదివాం. దావా వేయాలా వద్దా అన్నది దీని మీదే ఆధారపడింది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

వివక్ష చేసింది కింది అధికారి అయితే, లెక్కలు చేతిలో ఉంటే, గెలిచిన కేసులున్నాయి. 1886 నాటి ఇక్ వో కేసు వలస కేసు కాదు, లాండ్రీల కేసు. శాన్‌ఫ్రాన్సిస్కోలో చెక్క భవనాల్లో లాండ్రీ నడపాలంటే పర్మిట్ కావాలన్నారు. అడిగిన చైనీయులు దాదాపు 200 మంది, ఒక్కరికీ ఇవ్వలేదు. చైనీయులు కానివాళ్లు 80 మంది దాకా అడిగితే ఒక్కరికి తప్ప అందరికీ ఇచ్చారు. నియమంలో జాతి అన్న మాటే లేదు, వివక్ష అంతా అమలులోనే ఉంది. వాళ్లు గెలిచారు. అమెరికా దాటి చూస్తే 2001లో చెక్ దేశంలోని ప్రాగ్ విమానాశ్రయంలో బ్రిటిష్ ఇమిగ్రేషన్ అధికారులు కూర్చుని రోమా (జిప్సీలని పిలిచే జాతి) ప్రజల్ని విమానం ఎక్కనివ్వకుండా ఆపిన కేసు ఉంది. రోమా వ్యక్తిని ఆపే అవకాశం మిగతావాళ్లతో పోలిస్తే 400 రెట్లు ఎక్కువని తేలింది. 2004లో, అప్పట్లో బ్రిటన్ అత్యున్నత కోర్టుగా ఉన్న హౌస్ ఆఫ్ లార్డ్స్ అది జాతి వివక్షేనని తీర్పు చెప్పింది.

నిర్ణయం మంత్రిత్వ శాఖదో అధ్యక్షుడిదో అయితే పరిస్థితి మారిపోతుంది. కొన్ని దేశాలవాళ్లు అమెరికా రాకుండా అధ్యక్షుడు ట్రంప్ పెట్టిన ట్రావెల్ బ్యాన్ మీద 2018లో తీర్పు వచ్చిన కేసు మతం మీద వచ్చినదే అయినా మనకి పాఠం ఒకటే. అధ్యక్షుడి ప్రసంగాలు, ట్వీట్లు అన్నీ కోర్టు ముందు పెట్టినా 5-4 తేడాతో ప్రభుత్వం గెలిచింది, దేశభద్రత అన్న కారణం పైకి సబబుగా కనిపిస్తే చాలంది కోర్టు. 2020లో డాకా కేసు, అంటే చిన్నప్పుడే కాగితాలు లేకుండా వచ్చి అక్కడే పెరిగినవాళ్లని వెనక్కి పంపకుండా ఆపే పథకం కేసు, ఇంకా బాగా చూపిస్తుంది. జాతి వివక్ష వాదనకి తొమ్మిది మందిలో ఒక్క జస్టిస్ సోటోమయోర్ మాత్రమే తలుపు తెరిచి ఉంచాలన్నారు. అయినా ఆ పిల్లలు గెలిచారు. పథకం రద్దు చేసేటప్పుడు ప్రభుత్వం సరైన కారణాలు రాయలేదు, దాని మీద ఆధారపడినవాళ్ల బతుకుల సంగతి ఆలోచించలేదు అన్న పాలనా పద్ధతి తప్పు మీద 5-4తో గెలిచారు.

ఇక నిర్ణయం పార్లమెంటుది, అంటే వాళ్ల కాంగ్రెస్‌ది అయితే? 1889లో చే చాన్ పింగ్ కేసు నుంచి కోర్టులు చెబుతున్నది ఒకటే, ఎవర్ని రానివ్వాలో తేల్చేది చట్టసభ, మేం చాలా దూరం నుంచి మాత్రమే చూస్తాం అని. 1977లో ఫియాలో కేసులోనూ అదే. మా 7 శాతం పరిమితి ఈ మూడో రకంలోకి వస్తుంది. అధికారి పెట్టింది కాదు, మంత్రి పెట్టింది కాదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. వీసా ఇవ్వడంలో జాతి, జాతీయత, పుట్టిన చోటు చూసి వివక్ష చూపకూడదని 1965 చట్టమే చెబుతుంది. గ్రూపులో అందరూ పట్టుకున్నది ఈ వాక్యాన్నే, దాన్ని కాపీ చేసి రోజుకి పదిసార్లు పంపుకునేవారు. అదే సెక్షన్లో ఆ వాక్యం మొదట్లోనే మినహాయింపులు ఉన్నాయి, వాటిలో దేశాల పరిమితి ఒకటి. తలుపూ తాళమూ ఒకే సెక్షన్లో ఉన్నాయన్నమాట.

అయినా ఎందుకు వేశాం

గెలిచే అవకాశం చాలా తక్కువని అటార్నీ రాతపూర్వకంగా చెప్పింది. నేను ఆ మెమోని తెలుగులో చదివి వినిపించాను, కూకట్‌పల్లిలో ఒక అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాల్లో, ఆదివారం పొద్దున్న. ఇక్కడున్న తల్లిదండ్రులు కుర్చీల్లో, అక్కడున్న పిల్లలు స్క్రీన్ మీద. అన్నీ విన్నాక కూడా తొమ్మిది కుటుంబాలు వేద్దామన్నాయి, రెండు తప్పుకున్నాయి. వేద్దామన్నవాళ్ల వాదన నాకు ఇప్పటికీ గుర్తుంది. చట్టసభలో 2019 జూలైలో పరిమితి ఎత్తేసే బిల్లు ప్రతినిధుల సభలో 365-65తో పాసైంది, 2020 డిసెంబర్లో సెనేట్ తన రూపంలో పాస్ చేసింది, రెండూ కలవక చట్టం కాలేదు. చట్టసభ చేయదు, కోర్టు చూడదు, మరి ఎవరికి చెప్పుకోవాలి అన్నారు. ఆ ప్రశ్న న్యాయమైనది. డబ్బు ఎంత అవుతుందో, ఓడితే తిరిగి రాదని రాయించుకుని సంతకాలు తీసుకున్నాం.

దావాలో మూడు అంశాలు పెట్టాం. ఒకటి అమెరికా రాజ్యాంగం ఐదో సవరణ కింద సమాన రక్షణ. రెండు పైన చెప్పిన సెక్షన్. మూడు, వీసా నంబర్లు, అంటే ఆ ఏడాది కోటాలోని గ్రీన్ కార్డులు, ఏడాది చివరికి వృథా పోవడం. 2021 ఆర్థిక సంవత్సరంలో 60 వేలకు పైగా ఉద్యోగ కోటా నంబర్లు వాడకుండానే పోయాయి. మూడోదాని మీద నాకు ఆశ ఉండేది, కానీ ఏడాది ముగిశాక పోయిన నంబర్లని వెనక్కి తెప్పించడం కోర్టు చేతిలో లేని పని అని అటార్నీ ముందే అంది, అలాగే అయింది.

ఇక్కడ నా వైపు నుంచి ఒక తప్పు జరిగింది. అఫిడవిట్ల కోసం నేను రెండు నెలలు పెట్టాను. తండ్రి పోతే, వస్తే వీసా స్టాంపింగ్ దొరక్క తిరిగి వెళ్లలేనేమోనన్న భయంతో రాలేకపోయిన కొడుకు, ప్రమోషన్ వస్తే ఫైలు మళ్లీ మొదలవుతుందేమోనని వదులుకున్న ఇంజనీరు, కాలేజీ ఫీజు విదేశీ విద్యార్థిగా కట్టాల్సి వస్తుందని పదో తరగతిలోనే లెక్కలేసుకుంటున్న పిల్ల. రాస్తూ నేనే ఏడ్చిన రోజులున్నాయి. ఆ బాధ కోర్టుని కదిలిస్తుందని నమ్మాను. కోర్టులో ఆ అఫిడవిట్లు పనికొచ్చింది ఒక్కదానికే, వీళ్లకి నష్టం జరిగింది కాబట్టి దావా వేసే అర్హత ఉంది అని చూపించడానికి. నష్టం జరిగిందని రుజువు చేయడం, అది జాతి వల్ల జరిగిందని రుజువు చేయడం వేర్వేరు పనులు. రెండోదానికి కావలసింది చట్టం చేసినవాళ్ల ఉద్దేశం. 1977 నాటి ఆర్లింగ్టన్ హైట్స్ తీర్పు ఏమేం చూడాలో చెబుతుంది: ఫలితం ఎవరి మీద పడింది, నిర్ణయానికి ముందు చరిత్ర ఏంటి, మామూలు పద్ధతి తప్పారా, సభలో ఏమన్నారు. మా దగ్గర ఫలితం ఉంది, అదీ బలంగా. చరిత్ర ఉంది, కానీ 1965 చట్టం ఆ పాత జాతి కోటాల్ని తీసేసిన చట్టం. అంటే మా చరిత్ర పేజీలన్నీ ప్రభుత్వం తన వైపు తిప్పుకుంది.

ప్రభుత్వం వేసిన మోషన్

దావా కొట్టేయమని ప్రభుత్వం వేసిన మోషన్ వచ్చింది. అందులో జాతి వాదన మీద రాసిన పేరా సారాంశం ఇది: పరిమితి పుట్టిన దేశాన్ని బట్టి, వంశాన్ని బట్టి కాదు. ఇండియాలో పుట్టిన తెల్లవాడు ఇండియా లైన్లోనే ఉంటాడు. భారతీయ తల్లిదండ్రులకి వేరే దేశంలో పుట్టిన మనిషి ఆ దేశం లైన్లో ఉంటాడు. కాబట్టి ఇది జాతి కాదు.

చదవగానే నాకు దిగులేసింది, ఎందుకంటే దానికి మా దగ్గర గట్టి జవాబు లేదు. ఇండియా లైన్లో ఉన్నవాళ్లలో నూటికి తొంభై తొమ్మిది మంది మన రంగువాళ్లే కదా అనొచ్చు, అన్నాం కూడా, కానీ ఫలితం ఒక్కటే సరిపోదని కోర్టులు ఎప్పుడో తేల్చాయి.

దిల్‌సుఖ్‌నగర్ కుటుంబానికి వీడియో కాల్లో ఈ పేరాని తెలుగులో చెప్పాను. మామూలుగా కాల్స్‌లో మాట్లాడేది ఇక్కడ పెద్దాయన, అక్కడ కొడుకు. కోడలు వెనక ఎక్కడో వంటింట్లో తిరుగుతూ కనిపించేది. ఆ రోజు ఆవిడ వచ్చి భర్త పక్కన కూర్చుంది.

"మేడమ్, వేరే దేశంలో పుడితే ఆ దేశం లైన్ అని రాశారు కదా. అది మనకి కూడా వర్తిస్తుందా?"

"వర్తిస్తుందమ్మా. ఎందుకు?"

"నేను కువైట్‌లో పుట్టాను."

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. పెద్దాయన, "నీ పాస్‌పోర్టులో రాజమండ్రి అని ఉంది కదమ్మా?" అన్నారు. ఉంది. ప్రతి వీసా ఫారంలోనూ అదే ఉంది, గ్రీన్ కార్డ్ కోసం కంపెనీ లాయర్లు వేసిన ఐ-140 పిటిషన్లోనూ అదే ఉంది. ఆవిడ నాన్న కువైట్‌లో డ్రైవర్‌గా పనిచేసేవారు, ఆవిడ 1984లో అక్కడే పుట్టింది. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చాక, అమ్మాన్ మీదుగా ఎయిరిండియా విమానాల్లో ఇళ్లకి చేరిన లక్షన్నరకి పైగా మనవాళ్లలో ఈ కుటుంబం ఒకటి. అప్పుడావిడకి ఆరేళ్లు. చేతిలో రెండు సంచులు, కాగితాలేం లేవు. బడిలో చేర్చేటప్పుడు మేనమామ పుట్టిన ఊరు రాజమండ్రి అని రాయించారు, ఇంకేం రాయాలో తెలియక. స్కూల్లో ఉన్నది టెన్త్ మెమోలోకి, అక్కడి నుంచి పాస్‌పోర్టులోకి వచ్చింది.

నేను ఆ కుటుంబంతో ఏడాదిగా పనిచేస్తున్నాను. ఆవిడ ఎక్కడ పుట్టిందని ఒక్కసారి కూడా నోటితో అడగలేదు. దరఖాస్తు భర్తది, ఉద్యోగం భర్తది, కాబట్టి ప్రశ్నలన్నీ ఆయన్ని అడిగాను, ఆవిడ వివరాలు పాస్‌పోర్టు కాపీ చూసి నింపేశాను. ఇది నా తప్పు, ఎవరి మీదా తోసేయలేను.

కువైట్ ఎందుకు ముఖ్యం

లైను పుట్టిన దేశాన్ని బట్టి, పౌరసత్వాన్ని బట్టి కాదు. కువైట్‌లో పుట్టిన భారతీయ పిల్లకి కువైట్ పౌరసత్వం రాదు, ఆవిడ పుట్టుక నుంచీ భారతీయురాలే, కానీ గ్రీన్ కార్డ్ లెక్కలో ఆవిడ దేశం కువైట్. దేశాల పరిమితి వల్ల భార్యాభర్తలు విడిపోకూడదని అదే చట్టంలో ఇంకో నియమం ఉంది: ఇద్దరూ కలిసి వలస వెళ్తుంటే ఒకరి దేశాన్ని ఇంకొకరు వాడుకోవచ్చు. క్రాస్ ఛార్జబిలిటీ అంటారు. పిల్లలు తల్లిదండ్రుల దేశాన్ని వాడుకోవచ్చు, తల్లిదండ్రులు పిల్లల దేశాన్ని వాడుకోలేరు, అందుకే అమెరికాలో పుట్టిన కొడుకు వల్ల ఇక్కడ ఏ లాభమూ లేదు. కానీ భార్య వల్ల ఉంది. కువైట్ పడేది మిగతా ప్రపంచం అనే లైన్లో, అక్కడ 2014 తేదీ ఎప్పుడో దాటిపోయింది. పదేళ్లుగా వీళ్లు తప్పు లైన్లో నిలబడ్డారు.

దొరికింది కదా అని వెంటనే దరఖాస్తు వేసేయలేదు. ఈ కేసు మొత్తంలో నేను ఎక్కువ ఆలోచించింది ఇక్కడే. పదిహేనేళ్లుగా ప్రతి ఫారంలో రాజమండ్రి అని రాసి, ఇప్పుడు కువైట్ అంటే అధికారి ఏమనుకుంటాడు? పాతది అబద్ధమైతే ఫ్రాడ్ అన్న ప్రశ్న వస్తుంది. అటార్నీ అంచనా ఏంటంటే పాత వివరం కావాలని రాసింది కాదు, దాని వల్ల వీళ్లకి లాభం రాకపోగా నష్టం వచ్చింది కాబట్టి ఆ ఆరోపణ నిలబడదు. నాకు భయం రెండోవైపు. ఇప్పుడు చెబుతున్నదే లాభం తెచ్చే మాట, కాబట్టి అనుమానం దీని మీదే పడుతుంది. అఫిడవిట్లు ఎన్ని పెట్టినా అవన్నీ ఈ అవసరం వచ్చాక రాసిన కాగితాలు. మనకి కావలసింది అవసరం పుట్టకముందే పుట్టిన కాగితం.

గోదావరి జిల్లాలో ఆవిడ అమ్మగారి ఊరు వెళ్లాను. పెద్దావిడకి డెబ్బై దాటాయి. ఇనప ట్రంకుపెట్టెలో పెళ్లి చీర కింద ఆవిడ పాత పాస్‌పోర్టు దొరికింది. ఆ రోజుల్లో చిన్నపిల్లల పేర్లు తల్లి పాస్‌పోర్టులోనే ఎక్కించేవారు. పాప పేరు, పుట్టిన తేదీ ఎక్కించి కువైట్‌లోని భారత రాయబార కార్యాలయం ముద్ర వేసి ఉంది, తేదీ 1984, పాప పుట్టిన మూడు నెలలకి. అప్పటి కువైట్ రెసిడెన్సీ ముద్రలు తల్లి అక్కడే ఉన్నట్టు చూపిస్తున్నాయి. ఆ పుస్తకం పట్టుకుని నేను ఆ అరుగు మీద చాలాసేపు కూర్చున్నాను.

అదొక్కటే చాలదు. కువైట్‌లో ఉన్న బంధువు ద్వారా అక్కడి జనన రికార్డు తీయించడానికి ఐదు నెలలు పట్టింది. అరబ్బీలో తండ్రి పేరు రాసిన తీరు వేరు, ఇంటిపేరు అసలు లేదు, దాన్ని వివరిస్తూ అనువాదకుడి నోట్ వేరే పెట్టాం. ఇండియన్ పాస్‌పోర్టులో పుట్టిన చోటు మార్చమని వేసిన మొదటి దరఖాస్తు తిరిగొచ్చింది, రెండోసారి కువైట్ రికార్డుతో వేస్తే మారింది. పుట్టిన చోటు మారిస్తే భారత పౌరసత్వమే ప్రశ్న అవుతుందేమోనని పెద్దాయన టెన్షన్ పడ్డారు. 1992 డిసెంబర్ 10కి ముందు విదేశంలో పుట్టినవాళ్లకి తండ్రి భారత పౌరుడైతే వంశం ద్వారా పౌరసత్వం ఉంటుందని సెక్షన్ 4 చూపించి చెప్పాను.

ఈలోపు దావా తీర్పు వచ్చింది. ఓడిపోయాం. చట్టసభ పెట్టిన పరిమితి, పైకి జాతి ప్రస్తావన లేదు, ఉద్దేశానికి రుజువు చూపలేదు, సబబైన కారణం ఊహించగలం, కొట్టివేత. అప్పీలుకి అరవై రోజులు.

పెద్దాయన అభ్యంతరం

నేను ఊహించనిది ఇది. తీర్పు వచ్చిన వారం ఆయన ఒక్కరే ఆఫీసుకి వచ్చారు. "వివక్ష అని కోర్టుకెక్కినవాళ్లం, ఇప్పుడు కువైట్ పేరు చెప్పుకుని పక్క లైన్లోకి వెళ్లిపోతే మిగతా ఎనిమిది కుటుంబాల మొహం ఎలా చూస్తామమ్మా?" అన్నారు. కొడుకు అప్పటికే గ్రూపులో చెప్పాడు, ఒకరిద్దరు కటువుగానే మాట్లాడారు.

ఆయనకి నేను సఖారామ్ గణేశ్ పండిట్ గురించి చెప్పాను. థింద్ తరఫున వాదించిన భారతీయ లాయరు ఆయనే. 1923లో థింద్ ఓడాక, అంతకుముందే పౌరసత్వం పొందిన భారతీయుల కాగితాల్ని ప్రభుత్వం రద్దు చేయడం మొదలుపెట్టింది, పండిట్‌ది కూడా. ఆయన తన కేసులో జాతి వాదన మళ్లీ ఎత్తుకోలేదు. మీ కోర్టే నాకు పౌరసత్వం ఇచ్చింది, దాన్ని నమ్మి నేను లాయరునయ్యాను, ఆస్తి కొన్నాను, పెళ్లి చేసుకున్నాను, ఇప్పుడు వెనక్కి తీసుకోలేరు అన్నారు. 1926లో అప్పీల్ కోర్టులో గెలిచారు. థింద్ వాదనని నమ్మకపోవడం వల్ల ఆయన అలా చేయలేదు, తన చేతిలో ఉన్న కాగితం ఏదో ఆయనకి తెలుసు.

పెద్దాయన చాలాసేపు ఆలోచించి, అయితే మిగతా ఎనిమిది ఇళ్లలో ఆడవాళ్లనీ అడగండి, వాళ్ల ఫీజు నేనిస్తాను అన్నారు. ఫీజు తీసుకోలేదు గానీ అందర్నీ అడిగాను, భార్యనీ భర్తనీ విడివిడిగా, పాస్‌పోర్టు చూడకుండా, మీ అమ్మ మిమ్మల్ని ఏ ఊరి ఆస్పత్రిలో కన్నదని.

ఆ తర్వాత

2024 చివర్లో నలుగురున్న ఇంట్లో ముగ్గురికి ఐ-485, అంటే గ్రీన్ కార్డ్ ఆఖరి దరఖాస్తు, వేశారు. దరఖాస్తుతోనే ఒక వివరణ పత్రం జత చేశాం: ఏ ఫారంలో ఏం తప్పు రాశాం, ఎందుకలా వచ్చింది, ఇప్పుడు ఏ ఆధారంతో సరిచేస్తున్నాం. అడిగాక చెబుదాంలే అని కొడుకు అన్నాడు, అటార్నీ, నేను ఇద్దరం ఒప్పుకోలేదు. అధికారి తనంతట తాను తేడా కనిపెట్టడానికీ మనమే ముందు చూపించడానికీ చాలా దూరం ఉంది. ఇంటర్వ్యూలో అడిగింది పాత పాస్‌పోర్టు గురించే, అసలు పుస్తకం తెచ్చారా అని. ఆవిడ తీసుకెళ్లింది. 2025లో కార్డులు వచ్చాయి, పాపకి పందొమ్మిది నడుస్తుండగా.

ఇప్పుడు నా ఇన్‌టేక్ ఫారం, అంటే కొత్తగా వచ్చినవాళ్ల వివరాలు రాసుకునే ఫారం, మారింది. మొదటి పేజీలో భార్య పుట్టిన దేశం, ఊరు, ఆస్పత్రి, అమ్మగారు అప్పుడు ఎక్కడ ఉన్నారు అన్నవి ఆవిడ నోటి నుంచే రాస్తాను. గల్ఫ్‌లో పుట్టినవాళ్లు, ఇథియోపియాలోనో జాంబియాలోనో టీచర్లుగా పనిచేసిన వాళ్ల పిల్లలు మన ఊళ్లలో అనుకున్నదానికన్నా ఎక్కువమంది ఉన్నారు. జాతి వివక్ష అని ఎవరైనా వస్తే ముందు ఒక కాగితం తీసి, మిమ్మల్ని ఆపింది చట్టమా, శాఖ నియమమా, కౌంటర్లో కూర్చున్న మనిషా అని రాయిస్తాను. మనిషి అయితే తేదీ, సమయం, అన్న మాట, అదే రోజు పక్కవాడికి ఏం జరిగిందో అన్నీ ఆ రాత్రే రాసుకోమంటాను, ప్రాగ్ కేసు నిలబడింది అలాంటి లెక్కల మీదే. నియమం అయితే దానికి వాళ్లు రాసిన కారణాల్ని వెతుకుతాను. చట్టం అయితే కోర్టు చాలా దూరమని మొదటి రోజే చెబుతాను, మెమోలో కాదు, మొహం చూసి.

ఎనిమిది కుటుంబాల్లో ఒకావిడ లిబియాలో పుట్టిందని తేలింది, ఆ ఫైలు నడుస్తోంది. మిగతా ఏడింటిలో ఎవరికీ అలాంటి దారి లేదు. ఇద్దరు అప్పీలు చేద్దామనుకుని, డబ్బు చూసుకుని ఆగిపోయారు. ఆ ఏడింటిలో ఒక ఇంటి అబ్బాయికి మొన్న ఆగస్టులో ఇరవై ఒకటి నిండాయి. నాలుగేళ్ల వయసులో వెళ్లినవాడు, ఇప్పుడు విదేశీ విద్యార్థిగా ఎఫ్-1 మీద అదే కాలేజీలో, అదే క్లాసులో చదువుతున్నాడు.